తీర్పరి ఎవరు?

సిడ్నీ నగరమున దసరా పండుగయు, పన్నెండవ తరగతి తుది పరీక్షలును ఇంచుమించు ఒకే కాలమున వచ్చును. సరస్వతీ పూజనాడు పీఠముపై పుస్తకములతోపాటు పాత ప్రశ్నపత్రముల కట్ట కూడ కనబడుట ఆ యిండ్లలో వింత కాదు. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రమున 1967 నుండి జరుగుచున్న ఈ పరీక్షకు హయ్యర్ స్కూల్ సర్టిఫికెట్ అని పేరు. అక్టోబరులో మొదలై నవంబరులో ముగియును. ఫలితము డిసెంబరులో తెలియును. అంతవరకు ఇంటిల్లిపాదియు వ్రతము పట్టినట్లే యుందురు.

ఆ పరీక్షలో ఒక చిన్న నియమము కలదు. సమాధాన పత్రముపై విద్యార్థి తన పేరు వ్రాయడు. కేంద్రపు సంఖ్యను, తన సంఖ్యను మాత్రమే వ్రాయును. దిద్దువారికి ఆ చేతివ్రాత ఎవరిదో తెలియదు. వాని తండ్రి ఏ ద్వీపమునుండి వచ్చెనో, ఇంట ఏ భాష మాటాడుదురో, ఏ దేవుని కొలుతురో తెలియదు. తీర్పు చెప్పువానికి తీర్పు పొందువాడెవడో తెలియకుండుట మేలా, కీడా? పరీక్షలను గూర్చిన వాదములన్నియు తుదకు ఈ ప్రశ్నకడకే వచ్చి నిలుచును.

గిర్మిట్ సంతతివారు దీనికి సమాధానము వెదకుటకు దూరము పోనక్కరలేదు. 1903 నుండి మదరాసు రేవున ఓడలెక్కి ఫిజీ చేరిన తెలుగువారు అయిదేండ్ల ఒప్పందమునకు కట్టుబడిరి. ఆ ఒప్పందము ప్రకారము ఒక టాస్కు అనగా దృఢకాయుడైన సామాన్య పురుషుడు ఆరు గంటలు ఎడతెగక శ్రమించి ముగింపగల పని. స్త్రీకి అందులో ముప్పాతిక. కూలి పురుషునకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు. కాగితముపై ఇది న్యాయముగనే కనబడును. కాని ఆరు గంటల పని యెంతయో నేలపై కొలిచి చూపువాడు ఓవర్సీరు. సాయంకాలము అది ముగిసినదో లేదో చూచువాడు సర్దారు. కూలివాని పేరు వారికి తెలియును. వాని భార్య యెవరో తెలియును. నిన్న ఎదురు మాటాడినది ఎవరో మరింత బాగుగ తెలియును. కొలగొలుసు అందరికిని ఒకటే. అది సాగుట మాత్రము మనిషిని బట్టి యుండెను. పని మిగిలినచో కూలి పోవుటయే గాక, కోర్టుకు ఈడ్వబడుటయు కలదు. తెలిసినవాని తీర్పు ఎట్లుండునో ఆ తరము తన వీపుపై నేర్చుకొన్నది.

1920 లో గిర్మిట్ రద్దయిన పిమ్మట పెరిగిన పిల్లలకు చెరకుతోటనుండి బయటపడుటకు కనబడిన త్రోవ బడి. ఆ బడి చివర నిలిచిన పరీక్షలు మొదట కేంబ్రిడ్జివి, తరువాత న్యూజిలాండ్‌వి. పిల్లలెన్నడును చూడని దేశములలో ప్రశ్నలు తయారగుచుండెను. అందలి మంచు, పూలు, పండుగలు వారికి పుస్తకములలోని ముచ్చటలు మాత్రమే. అయినను ఫిజీలోని తల్లిదండ్రులు ఆ పరీక్షలను నమ్మిరి. న్యూజిలాండ్‌లో కూర్చొని దిద్దువానికి సర్దారుతో చుట్టరికము లేదు గదా! ఫిజీ చెరకు మిల్లులను 1882 నుండి 1973 వరకు నడపిన సి.ఎస్.ఆర్. కంపెనీ సిడ్నీ నగరమునకు చెందినది. 1987, 2000 సంవత్సరములలో జరిగిన సైనిక, రాజకీయ తిరుగుబాట్ల తరువాత ఫిజీ విడిచిన కుటుంబములలో అనేకములు ఆ నగరమునకే చేరినవి. వారి పిల్లలు నేడు పేరు లేని పత్రములు వ్రాయుచున్నారు.

ఈ ప్రశ్న మహాభారతమునకు తెలియనిది కాదు. హస్తినాపురమున రాజకుమారుల విద్యాప్రదర్శనము జరిగిన నాడు కర్ణుడు రంగమున నిలువగా కృపాచార్యుడు అడిగినది వాని విలువిద్యను గూర్చి కాదు, వాని కులమును గూర్చి. పేరుకు బదులు సంఖ్య వ్రాయు ఆచారము ఆనాడున్నచో కథయే మారిపోయెడిది. ఏకలవ్యుని బొటనవ్రేలు అడిగిన ద్రోణుడును తెలిసిన తీర్పరియే. కాని ఆ ద్రోణుడే చెట్టుమీద పక్షిని నిలిపి శిష్యులను ఒక్కొక్కరిని పిలిచి, ఏమి కనబడుచున్నదని అడిగినాడు. ఎవని చూపు ఎక్కడ చెదరునో దినదినము కనిపెట్టిన గురువునకే అట్టి పరీక్ష తోచును. అపరిచితుడు బాణము తగిలినదా లేదా అని మాత్రమే చూడగలడు.

ఈ రెండవ పక్షమును ఆస్ట్రేలియాలో ధైర్యముగా అవలంబించినది చెరకునేలయైన క్వీన్స్‌లాండ్. 1970 లో విలియం రాడ్‌ఫర్డ్ అధ్యక్షతన వెలువడిన నివేదికను అనుసరించి ఆ రాష్ట్రము బయటి పరీక్షలను ఎత్తివేసినది. పన్నెండవ తరగతి పాత పరీక్ష 1972 లో కడసారి జరిగినది. ఆ పిమ్మట దాదాపు అర్ధ శతాబ్దము పిల్లవానికి చదువు చెప్పిన గురువే వాని మంచిచెడ్డలు నిర్ణయించెను. గురువు మాటను గ్రుడ్డిగా నమ్మలేదు; ఇతర పాఠశాలల ఉపాధ్యాయుల మండలులు నమూనా పత్రములను తెప్పించి సరిచూచుచుండెడివి. ఇది మనుష్యులపై ఉంచిన గొప్ప విశ్వాసము. కాన్‌బెర్రా రాజధాని ప్రాంతము 1976 నుండి నేటివరకు ఇట్టి మార్గముననే నడచుచున్నది. క్వీన్స్‌లాండ్ మాత్రము 2020 లో బయటి పరీక్షలను మరల తెచ్చినది: గణిత, విజ్ఞాన శాస్త్రములలో సాధారణముగా సగము మార్కులకు, తక్కినవానిలో పెక్కింటికి నాలుగవ వంతునకు.

అపరిచితుని తీర్పు న్యాయమని మురియువారు 2019 ఏప్రిల్ మాసమున తెలంగాణలో జరిగినదానిని మరువరాదు. తొమ్మిది లక్షలకు పైగా విద్యార్థులు వ్రాసిన ఇంటర్మీడియట్ పరీక్షల ఫలితములలో తప్పులు దొర్లినవి. తెలుగు పత్రములో సున్న వచ్చినదని తేలిన ఒక బాలికకు మరల చూచినపుడు తొంబది తొమ్మిది మార్కులు వచ్చినవి. ఆమె గురువు ఆ సున్నను చూచిన క్షణముననే తప్పని చెప్పగలిగియుండును. యంత్రమునకు, మునుపెన్నడు ఆమెను చూడనివారికి, సున్నయు ఒక అంకెయే. ఆ ఫలితముల వెనువెంట ఇరువదిమందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొనిరి. సమాధాన పత్రములు మరల చూచిరి, మార్కులు సవరించిరి. పోయిన పిల్లలు తిరిగి రాలేదు.

న్యూ సౌత్ వేల్స్ ఈ రెంటికిని నడుమ ఒక త్రోవ వెదకినది. తుది మార్కులో సగము పరీక్షది, సగము పాఠశాలది. ఉపాధ్యాయుడు తన శిష్యులలో ఎవరు ముందు, ఎవరు వెనుక అని చెప్పిన వరుసను ప్రభుత్వము గౌరవించును. కాని ఆ వరుసకు ఎన్ని మార్కులో ఆ పాఠశాల పిల్లలందరు పరీక్షలో చూపిన ప్రతిభను బట్టి నిర్ణయించును. అనగా గురువునకు వరుస, అపరిచితునకు కొలత. గొలుసును సర్దారు చేతికి ఈయని ఈ ఏర్పాటులో చాల వివేకము కలదు. తోటలలో ఇట్టి ఏర్పాటు ఉండినచో ఎన్ని కన్నీళ్లు తప్పియుండెడివో.

చిక్కు అంతటితో తీరదు. విశ్వవిద్యాలయ ప్రవేశమునకై ఈ మార్కులనుండి మరియొక అంకె పుట్టును. అటార్ అని పిలువబడు ఆ అంకె గరిష్ఠముగా 99.95, అది మార్కు కాదు, వరుసలో స్థానము. ఎనుబది వచ్చినదన్న, తన యీడువారిలో నూటికి ఎనుబదిమందికంటె ముందున్నాడని అర్థము. ఈ సంగతి తెలియక, ఎనుబదియేనా, తక్కిన ఇరువది ఎక్కడ పోగొట్టితివని అడుగు పెద్దలు మనలో కొల్లలు. ఏ పాఠ్యాంశము స్కేలింగులో పైకి పోవునో లెక్కలు కట్టి, పిల్లవానికి ప్రీతియైన చరిత్రను మాన్పించి, ప్రీతి లేని గణితము చేర్పించువారును కలరు.

దిద్దువాడు ఆ పిల్లవానిని ఎరుగడు. ఎరుగకుండుటయే వాని న్యాయమునకు మూలము. ఎరుగనివాడిచ్చిన అంకెను, ఎరిగినవారు, పదునెనిమిదేండ్లు ఒడిలోను ప్రక్కనను పెంచినవారు, తమ తీర్పుగా చేసికొనుటయే ఇందలి విడ్డూరము. తాతకు మందులు వేళకు ఇచ్చిన చేయి, చిన్న చెల్లెలికి హనుమాన్ చాలీసా నేర్పిన ఓర్పు, అబద్ధమాడవలసిన చోట ఆడని నోరు ఆ పత్రములోనికి ఎక్కలేదు, ఎక్కవలసినవియు కావు. అవి ఇంటివారి లెక్కలోనివి. ఆ లెక్కను వ్రాయుటకు ఇంటివారు తప్ప ఎవరును లేరు, కాని డిసెంబరులో దానిని తెరచువారు అరుదు.

ఆ ఉదయము ఫోను తెరపై అంకె కనబడును. మొదటి కబురు బా పట్టణమునకో, లౌటోకాకో పోవును. అవతలివారు బిడ్డ లేచినాడా, తిన్నాడా అని అడుగుటకు మునుపే, "ఎంత?" అని అడుగుదురు.