విత్తనమునకు ఎల్లలు గలవా?

తమ నేలలో మొలచిన విత్తనము తమ సొత్తని వాదించువారిని మేము తప్పుపట్టజాలము. పరదేశీయులు మొక్కలను గొనిపోయి ధనికులైరని పేదరాజ్యములు చిరకాలము మొఱపెట్టినవి. 1992 నాటి జీవవైవిధ్యపు ఒడంబడిక ఆయా దేశముల స్వామ్యమును గుర్తించినది.

అయినను మన కంచములోని యన్నమేమి చెప్పుచున్నది? ఇండొనీషియా 'పేట' వరిని తైవాను పొట్టివరితో సంకరించి, ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరిపరిశోధనాలయమువారు 1966లో వెలువరించిన ఐ.ఆర్.8, మఱుసటియేఁటికే గోదావరి మండలమందలి ఆచంట చేలలో పండెను. పిదప ఆసియా వరిచేలను గిడసబార్చు వైరసు తెగులు సోకఁగా, ఆఱువేలకు పైగా రకములను పరీక్షించిరి. తట్టుకొన్నది ఉత్తరప్రదేశమునుండి పోయిన అడవివరి యొక్కటియే! రైతు కలుపని పెఱికివేయు గడ్డి యది. దాని గుణము ఐ.ఆర్.36 అను వంగడమునఁ గలిసి పలుదేశముల పంటను గాచినది. ఆ గింజను మనము తాళమువేసి దాఁచియున్నచో పొరుగువారి గాదెలు వట్టివయ్యెడివి; వారు 'పేట'ను దాఁచియున్నచో మనకు ఐ.ఆర్.8 లేదు.

అట్లని పుచ్చుకొన్నవాఁడు దానికి కంచెవేసికొనుట న్యాయమందుమా? 2001లో రోమునఁ గుదిరిన సంధి వరి మొదలగు పంటల విత్తనములను సభ్యదేశముల పరిశోధకులకు అందుబాటులో నుంచి, ఇతరుల పరిశోధనకు అడ్డుగట్టి యమ్ముకొనువారు లాభమున పాలు నిధికి చెల్లింపవలెనని విధించినది. ఏర్పాటు మంచిదే. కాని యా పాలు పథకములకుఁ బోవునే కాని, అడవివరి మొలచు మడుగును పూడ్చక కాచిన ఊరివారి చేతికి నేరుగా రాదు.