ముందు ఎర్తింగు, తర్వాతే ఎస్‌ఎస్‌డీ

నాయనా,

నీ ప్రశ్నలన్నీ చదివినాను. ఐ5 మేలా రైజెన్ మేలా, ర్యామ్ ఎనిమిది చాలునా పదహారు కావాలా, గ్రాఫిక్స్ కార్డు లేకుంటే జరుగుతుందా. అన్నీ అడిగి, చివర్లో ఏదో చిన్న సంగతన్నట్టు, "పెద్దనాయనా, క్యాబినెట్ వెనక చెయ్యి తగిలితే జివ్వుమంటాంది" అని రాసినావు చూడు, నేను ఈ జాబు రాస్తున్నది దాని కోసమే. మిగతావి ఏ అంగట్లో అడిగినా చెప్తారు.

ఆ జివ్వుమనేది చాలావరకు కంప్యూటర్ రోగం కాదబ్బా, ఇంటి రోగం. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటును శుభ్రం చేసే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి ఒక కొస తీగెలకు, ఇంకో కొస ఇనుప డబ్బాకు తగులుకొని ఉంటుంది. ఎర్త్ బాగుంటే వాటిలోంచి కారే కొద్దిపాటి కరెంటు నేలలోకి పోతుంది. ఎర్త్ లేకుంటే పోయే దారి లేక డబ్బా మీదనే నిలుస్తుంది. కొలిస్తే 230 వోల్టుల్లో సగం దాకా చూపిస్తుంది. కరెంటు మోతాదు తక్కువ కాబట్టి జివ్వుమని వదిలేస్తోంది. రేపు లోపల ఫేజు తీగె నిజంగానే డబ్బాకు తగిలితే అట్లా వదలదు.

గోడ సాకెట్‌కు మూడో రంధ్రం ఉంది కదా అని ధీమా పడొద్దు. మన సీమ నేలతోనే చిక్కు. బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చిన ఎర్త్ గుంత మార్చి నెల దాటేసరికి ఎండిపోతుంది. మీ కర్నూలు నల్లరేగడి ఎండితే నెర్రెలిచ్చి రాడ్డును వదిలేస్తుంది. మా కడప పక్క నాపరాయి తగిలిన చోట రాడ్డు లోతుకు దిగనే దిగదు. ఎండాకాలం గుంతలో నీళ్లు పోయమని మీ అవ్వ పోరేది ఊరికే కాదు. తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీటరు పెట్టి కొలిపించు. "న్యూట్రల్‌నే మూడో పిన్నుకు కలిపేస్తా, షాకు పోతుంది" అనేవాడు వస్తే టీ తాగించి పంపించెయ్. ఎప్పుడైనా న్యూట్రల్ తెగిందంటే ఇంట్లో ఆ పిన్నుకున్న ప్రతి ఇనుప వస్తువుకూ ఫేజు వస్తుంది. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించు. నువ్వు చూసిన గ్రాఫిక్స్ కార్డు ధరలో అది ఏ మూలకూ రాదు.

ఇక కరెంటు పోయేది. ఒకప్పటి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గరే వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, మాకు ముద్దనూరు పక్కనే థర్మల్ కేంద్రం ఉంది. అయినా గాలివాన లేస్తే చీకటయ్యేది మన వీధులే. స్టెబిలైజర్ గురించి అడిగినావు. ఎస్‌ఎంపీఎస్ మీద 100-240 అని రాసుంటే దాని అవసరం పెద్దగా ఉండదు. కావాల్సింది యూపీఎస్. డిస్కు మీద రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు చెడతాయి. 600 వీఏది మామూలు కంప్యూటర్‌కు పనిని సేవ్ చేసి ఆపుకునేంత వ్యవధి ఇస్తుంది. ఆట కొనసాగించడానికి కాదు అది. దాని బ్యాటరీని కిటికీ కింద ఎండలో పెట్టొద్దు. 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకూ సీసం బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. మన మే నెలలో అది ఎంత నలుగుతుందో నువ్వే చూసుకో. ఇన్వర్టర్ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటరే పోయాల. బోరు నీళ్లలో ఉప్పు జాస్తి.

మిద్దె మీది గదిలో కంప్యూటర్ పెడతానంటున్నావు. వద్దు. ఫ్యాన్లు ఎన్ని బిగించినా లోపలికి లాగేది గదిలోని గాలినే కదా. గది నలభై డిగ్రీలుంటే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకోవచ్చు. ఐ7 డబ్బు పెట్టి ఐ3 పని చేయించుకున్నట్టే. కింద గదిలో, గోడకు జానెడు ఎడంగా పెట్టు. కూలర్ గాలి నేరుగా దాని మీదికి తిప్పొద్దు. దుమ్ము దులిపేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకుని మెత్తటి బ్రష్షు వాడు.

కొత్తది కొనాలా అన్నావు. ఇంట్లో ఉన్న పాతదానికి హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వెయ్, ర్యామ్ ఎనిమిదికి పెంచు. నీ ప్రోగ్రామింగ్ సరదాకు అది చాలు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, పాత యంత్రానికి 11 ఎక్కకపోవచ్చు. లినక్స్ మింట్ వేసుకో, తెలుగు కూడా బాగా చూపిస్తుంది. ఐదు వందలకు రెండు టీబీ పెన్‌డ్రైవ్ అని ఆశపడ్డావే, అది దొంగ సరుకు. లోపల చిప్పు ఏ పదహారు జీబీదో ఉంటుంది, పైకి రెండు టీబీ అని అబద్ధం చెప్పేలా రాసుంటారు. నిండినాక పాత ఫైళ్ల మీదనే కొత్తవి రాసుకుంటూ పోతుంది. ఏ డ్రైవ్ కొన్నా ఎఫ్3 అనే ప్రోగ్రాముతో ఒకసారి నింపి చూసి, ఆ తర్వాతే నమ్ము.

మీ నాయన రాసిన కథల ఫైళ్లు తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తున్నాయన్నావు. చెడిపోలేదు. డీటీపీ కాలంలో అను ఫాంట్లలో కొట్టినవి. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిన పద్ధతి అది. యూనికోడ్‌కు మార్చే ఉపకరణాలు ఉన్నాయి. మార్చినాక వత్తులూ అంకెలూ కంటితో సరిచూడు, యంత్రం అక్కడే తడబడుతుంది. అసలు ఫైళ్లను చెరపొద్దు.

ప్రాసెసర్ కంటే ఈ ఫైళ్లకే ముందు ఖర్చు పెట్టు. సి.పి. బ్రౌన్ దొర మా కడప బంగళాలో పండితులను పెట్టి, ఒక్కో తెలుగు కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, పోల్చి, మళ్లీ రాయించినాడు. ఆ ఓపిక నీకు అక్కర్లేదు, మూడు కాపీలుంటే చాలు. కానీ మూడూ ఒకే ఇంట్లో పెట్టొద్దు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ ఒక్కసారిగా మీ కర్నూలు మీద పడినప్పుడు, శ్రీశైలంలో 885 అడుగులకు నిలవాల్సిన నీళ్లు 896 దాటినప్పుడు, నువ్వింకా పసివాడివి. పాతబస్తీ జనం మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. కింద మిగిలిన కంప్యూటరూ, బీరువాలో దాచిన సీడీలూ ఒకే బురదలో నానినాయి.

ఒక కాపీ కంప్యూటర్‌లో, ఒకటి విడిగా హార్డ్ డిస్కులో ఉంచు. మూడోది నాకివ్వు, కడపలో నా పెట్టెలో పెడతా. దసరాకు వచ్చినప్పుడు మార్చుకుందాం. ఇచ్చే ముందు డిస్కును ఎన్‌క్రిప్ట్ చెయ్, నా మీద నమ్మకం లేక కాదు, బస్సులో పోయినా భయముండకూడదని. ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే నేనూ తీయలేను, అంగట్లో వాడూ తీయలేడు. కాగితం మీద రాసి మీ అమ్మ దగ్గర, ఇంటి పత్రాల సంచిలో పెట్టించు. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవద్దు.

మీ పెద్దనాయన