ఒద్దికకి ఎన్ని నక్షత్రాలు?

పిల్లల మంచితనాన్ని లెక్కపెట్టవచ్చా? వినటానికి ఇది తత్వశాస్త్రం తరగతిలో వేసుకునే ప్రశ్నలా ఉంటుంది గానీ, ప్రాథమిక పాఠశాల టీచర్లకి రోజూ ఉదయం ప్రార్థన అయిన దగ్గర్నించీ ఎదురయ్యే ప్రశ్న ఇది. ఎవరి పేరు పక్కన నక్షత్రం అతికించాలి? దేనికి అతికించాలి? అతికించని పిల్ల ఇంటికి వెళ్ళేటప్పుడు ఏమనుకుంటూ వెళ్తుంది? ఈ మూడో ప్రశ్న శిక్షణా తరగతుల్లో ఎవరూ అడగరు. అక్కడ మొదటి రెండింటికీ తయారుగా జవాబులుంటాయి. ఇప్పుడైతే వాటికి యాప్‌లు కూడా ఉన్నాయి.

వాటిల్లో బాగా పేరున్నది క్లాస్‌డోజో. 2011లో అమెరికాలో మొదలైంది. తరగతిలో ప్రతి పిల్లకీ తెర మీద ఒక ముద్దొచ్చే రాక్షసబొమ్మ ఉంటుంది. టీచరు ఆ బొమ్మ మీద వేలు పెట్టి, పక్కనున్న కారణాల్లో ఒకటి ఎంచుకుంటే చాలు. తోటివారికి సాయం చెయ్యటం, పని మీద ధ్యాస, పట్టుదల, కష్టపడటం, ఇలా. టింగుమని చప్పుడొచ్చి ఒక పాయింటు పడుతుంది. అనుమతి లేకుండా మాట్లాడితే పోతుంది కూడా. సాయంత్రానికి అది తల్లిదండ్రుల ఫోనుకి చేరుతుంది. టీచర్లకి ఉచితం. మన సర్కారు బడుల్లో ఇంత హంగు లేదు. రంగు కాగితం నక్షత్రాలు, గోడకి ఒక చార్టు, కొంచెం బంక. చేసే పని మాత్రం అదే.

ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న విద్యార్థినుల తరగతులు చూడటానికి వెళ్ళినప్పుడు ఇలాంటి చార్టులు చాలా చూశాను. ఎక్కువమంది నక్షత్రాలు మాత్రమే అంటిస్తారు. ఒకమ్మాయి ఎంతో నిజాయితీగా ప్రతి నక్షత్రం కిందా కారణం కూడా రాసింది. అది చదువుతూ చాలాసేపు నిలబడిపోయాను. ఆడపిల్లల వరసలో ‘నిశ్శబ్దంగా కూర్చుంది’, ‘తరగతి ఊడ్చింది’, ‘ఒకటో తరగతి చెల్లిని చూసుకుంది’, ‘నోట్సు శుభ్రంగా ఉంది’. మగపిల్లల వరసలో ‘గట్టిగా చదివాడు’, ‘జవాబు చెప్పాడు’, ‘బెంచీలు మోశాడు’, ఇంకా ‘ఈ రోజు అల్లరి చెయ్యలేదు’. ఆఖరిది చూడండి. ఒక రోజు అల్లరి మానినందుకు ఒక నక్షత్రం. ఏడాది పొడుగునా అల్లరి చెయ్యని పిల్లకి దానికోసం ఒక్కటీ లేదు, ఎందుకంటే అది ఆమె సహజగుణం కింద జమ అయిపోయింది. ఆ అమ్మాయి పక్షపాతంతో రాసింది కాదు. మన భాషలో ఆడపిల్ల మంచితనానికున్న మాటలే అవి. ఒద్దిక, అణకువ, పొందిక. ఈ మాటల్ని మగపిల్లాడికి వాడి చూడండి, ఎంత ఎబ్బెట్టుగా ఉంటాయో.

యాప్ కొత్తదే గానీ లెక్క కొత్తది కాదు. మనలో చాలామందిమి క్లాస్ లీడరు బోర్డు మీద ‘మాట్లాడినవారి పేర్లు’ రాయగా చదువుకున్నవాళ్ళమే. పేరు పక్కన ఇంటూ గుర్తులు పెరిగేకొద్దీ గుండె దడ. దీని పుట్టుపూర్వోత్తరాలు వెతికితే మన మద్రాసు దాకా వస్తాయి. 1789లో ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి ఆండ్రూ బెల్ అనే మతబోధకుడు పర్యవేక్షకుడయ్యాడు. అక్కడి కుర్రాళ్ళు చాలామంది తెల్ల సైనికులకీ ఇక్కడి ఆడవాళ్ళకీ పుట్టినవాళ్ళు. తల్లుల ప్రభావం నించి పిల్లల్ని తప్పించటం కూడా ఆ ఆశ్రమం ఉద్దేశాల్లో ఒకటి. బెల్ ఒకసారి దేశీయుల బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దటం చూశాడు. దాన్ని తన బడికి తెచ్చుకున్నాడు. పెద్ద పిల్లలతో చిన్న పిల్లలకి చెప్పించాడు. ఇంగ్లండు వెళ్ళి 1797లో దాని మీద పుస్తకం వేశాడు. దానికి ‘మద్రాసు పద్ధతి’ అని పేరొచ్చింది. అదే రోజుల్లో లండన్‌లో జోసెఫ్ లాంకాస్టర్ అలాంటి పద్ధతినే వందలమంది పిల్లలకి అమలుచేశాడు. బాగా చేసిన పిల్లలకి టిక్కెట్లిచ్చేవాడు, టిక్కెట్లు పోగైతే బొమ్మలు కొనుక్కోవచ్చు. అల్లరి చేసినవాళ్ళని బుట్టలో కూర్చోబెట్టి పైకప్పుకి వేలాడదీసేవాడు. మన వీధిబడి ఇసుక అక్కడికి వెళ్ళి ఇలా తేలింది. ఆ పిల్లల తల్లుల గురించి మాత్రం విద్యా చరిత్ర పుస్తకాల్లో ఒక వాక్యం కూడా దొరకటం కష్టం.

రెండో మజిలీ ఇంకా గట్టిగా మనకి సంబంధించింది. మంచి ప్రవర్తనకి బిళ్ళలివ్వటం, ఆ బిళ్ళలతో కావలసినవి కొనుక్కోనివ్వటం అనే పద్ధతిని 1960లలో అమెరికాలో శాస్త్రంగా స్థిరపరిచింది బళ్ళో కాదు, ఇల్లినాయ్‌లోని ఒక మానసిక చికిత్సాలయంలో. ఐలన్, ఆజ్రిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు. వాళ్ళు ప్రయోగం చేసింది స్త్రీల వార్డులో. బిళ్ళలు దేనికిచ్చారు? వంటశాలలో పనికి, బట్టలుతికే పనికి, వార్డు శుభ్రం చేసే పనికి. బిళ్ళలాపితే పని ఆగింది, ఇస్తే మళ్ళీ సాగింది. పద్ధతి పనిచేస్తుందని రుజువైంది. అక్కణ్ణించే అది ప్రత్యేక అవసరాల పిల్లల తరగతుల్లోకీ, మామూలు తరగతుల్లోకీ వచ్చింది. ‘తరగతి ఊడ్చింది’ అన్న నక్షత్రం కింద నాకు ఆ వార్డే కనిపిస్తుంది.

పనిచేస్తుందన్న మాటని కాదనను. ప్రశ్న, ఏం చేస్తుందన్నది. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు ఒక నర్సరీ బడిలో బొమ్మలు గియ్యటమంటే ఇష్టమున్న పిల్లల్ని తీసుకుని మూడు గుంపులు చేశారు. గీస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న పత్రమిస్తామని ఒక గుంపుకి ముందే చెప్పారు. రెండో గుంపుకి చెప్పకుండా ఇచ్చారు. మూడోదానికి ఏమీ లేదు. కొద్దిరోజుల తర్వాత మామూలు ఆటవేళలో చూస్తే, ముందే మాట పుచ్చుకున్న పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే సగం సేపే గీశారు. ఇష్టం కాస్తా కూలి అయిపోయింది. బొమ్మల సంగతే ఇలా ఉంటే, ఏడుస్తున్న తోటిపిల్లని ఊరుకోబెట్టటం సంగతేమిటి? దానికీ టింగుమంటే, తర్వాత ఎప్పుడైనా చప్పుడు రాని చోట ఆ పిల్ల ఏం చేస్తుంది?

ఇక్కడ కారల్ గిలిగన్ గుర్తుకురాక తప్పదు. కోల్‌బర్గ్ నైతిక వికాసానికి ఆరు మెట్లు కట్టాడు. మెట్లు కట్టటానికి ఆధారంగా తీసుకున్నవాళ్ళందరూ మగపిల్లలు. ఇతరులకి సాయపడటం, వాళ్ళ మెప్పు పొందటం మూడో మెట్టు. ఆడవాళ్ళు అక్కడే ఆగిపోతున్నట్టు తేలింది. 1982లో గిలిగన్ అడిగింది, ఏ గుణాల్ని చూపి ఆడవాళ్ళని మంచివాళ్ళంటున్నారో వాటినే చూపి నైతికంగా ఎదగనివాళ్ళని ఎలా అంటారని. నాకు నక్షత్రాల చార్టు దీనికి తిరగేసిన అచ్చులా కనిపిస్తుంది. కోల్‌బర్గ్ ఆ మూడో మెట్టుకి తక్కువ మార్కులేశాడు. చార్టు దానికే పూర్తి మార్కులేసి, ఆడపిల్లని అక్కడే కూర్చోబెడుతుంది. రెండింటిలోనూ కొలబద్ద ఆమె చేతిలో లేదు. నిజానికి గిలిగన్ మనకి చూపించింది మెట్టు కాదు, గొంతు. ఎవరికి ఏం బాకీ ఉన్నాం, నాకు నేను ఏం బాకీ ఉన్నాను అని తర్కించుకునే గొంతు. నక్షత్రం అంటించగానే ఆ తర్కం ఆగిపోతుంది. ఏది మంచో ముందే తేలిపోయింది కదా.

ఇంతా చెప్పి టీచర్లని తప్పుపట్టటం నా ఉద్దేశం కాదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్లో అమల్లోకొచ్చింది. దాని 17వ సెక్షను దెబ్బల్నీ, మానసిక వేధింపునీ నిషేధించింది. బెత్తం పోయిన చోట నక్షత్రమొచ్చింది. వీపు మీద వాతలతో చదువుకున్న తరం నాది. ఇది చిన్న మార్పని నేననను. రెండు మూడు తరగతుల్ని ఒకే గదిలో పెట్టుకుని ఒక్కతే నెట్టుకొచ్చే టీచరు, ఒక గుంపుకి లెక్కలు చెప్తూ ఇంకో గుంపుని ఎలా కూర్చోబెట్టాలి? నక్షత్రం ఆమెకి ఊపిరి తీసుకునే సందు.

పైగా ఆమె కూడా చార్టు మీదే ఉంది. 2017లో దీక్ష వేదిక వచ్చింది, 2020లో నిష్ఠ శిక్షణ దాని మీదికి ఎక్కింది. కోర్సు పూర్తిచేస్తే సర్టిఫికెట్టు, అది పూర్తయిందో లేదో పైవాళ్ళకి కనిపించే పట్టిక. వాటిలో మంచి పాఠాలు లేవని కాదు. అవి చూసే వేళ ఎక్కడిదంటే, రాత్రి అంట్లు తోముకున్నాక. వీడియో తనపాటికి తిరుగుతుంటే పక్కన పిండి రుబ్బుకున్న టీచర్లు నాకు తెలుసు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో టీచర్ల హాజరుకి మొహాన్ని గుర్తుపట్టే యాప్ పెట్టినప్పుడు సొంత ఫోనులో ఎందుకు పెట్టుకోవాలని సంఘాలు అడిగాయి. న్యాయమైన ప్రశ్నే. కానీ ‘నేను బడికొచ్చానని నా మొహం చూపించి రుజువు చేసుకోవాలా’ అన్న ఒక టీచరు మాట నాకింకా పెద్దదిగా అనిపించింది. రుజువు చేసుకుంటూ బతికే మనిషి చేతికి పిల్లల మంచితనం రుజువుల పెట్టె ఇస్తే ఆమె దాన్ని ఎలా వాడుతుంది? మనందరం వాడినట్టే.

మరి లెక్కే వద్దా? ఒకటి చెప్తాను. కొన్నేళ్ళ క్రితం మూడో తరగతిలో పదుల గుంపులు నేర్పటానికి చింతగింజలు తీసుకెళ్ళాను. నేల మీద సుద్దతో గళ్ళు గీశాం. అమ్మ, నాన్న, అక్క, అన్న, నాయనమ్మ, నేను. నిన్న మీ ఇంట్లో జరిగిన ఒక్కో పనికీ చేసినవాళ్ళ గడిలో ఒక గింజ వెయ్యమన్నాను. కళ్ళాపి, ముగ్గు, వంట, గేదెకి గడ్డి, అంట్లు, కూలి. కాసేపటికి అమ్మ గళ్ళు కుప్పలయ్యాయి. ఒక పిల్లాడు తన కుప్ప వైపు చూసి, “టీచర్, మా నాన్న కూలికెళ్ళాడు, దానికి పది గింజలెయ్యాలి” అన్నాడు. వెనకనించి ఒక పిల్ల, “మా అమ్మా కూలికెళ్ళింది. అయితే ఆమెకీ పదెయ్యి” అంది. ఇంకొక పిల్లకి వేరే సందేహం. “నీళ్ళు తెస్తే ఒక గింజా టీచర్, ఎన్ని బిందెలైతే అన్ని గింజలా?” బిందెకొకటి అని కొందరు, ఎంత దూరాన్నించి తెస్తే అన్ని అని కొందరు. అంతలో మాటలు తక్కువగా ఉండే ఒక పిల్ల అడిగింది, “తమ్ముడేడుస్తుంటే ఎత్తుకుంటాను గదా, అది పనా?” తరగతి రెండుగా చీలింది. పనే అన్నవాళ్ళు తమ్ముళ్ళున్న పిల్లలు. కాదన్న ఒకడు, “నీకు తమ్ముడంటే ఇష్టం గదా, ఇంక పనెట్లా అవుద్ది?” అన్నాడు. ఇంటిచాకిరీకి కూలి ఉండాలా అని స్త్రీవాదులు 1970ల నించీ వాదించుకుంటున్న చోటికే ఎనిమిదేళ్ళ పిల్లలు గింజలతో వచ్చేశారు. నేను తీర్పు చెప్పలేదు. పనికి లెక్క వేస్తున్నది వాళ్ళు. మంచితనానికి లెక్క వేస్తున్నది ఎవరూ లేరు. రెండిటికీ ఉన్న తేడా నాకు ఆ గళ్ళ దగ్గరే స్పష్టంగా కనిపించింది.

కృత్యం జరిగినట్టు ఫోటో పెట్టాలి గనక ఒకటి తీసి గ్రూపులో పెట్టాను. గళ్ళు, కుప్పలు, వంగిన తలలు. చప్పట్ల బొమ్మలు మూడొచ్చాయి. తమ్ముడి సంగతి ఫోటోలో పడలేదు.

తేలకుండానే అన్నం బెల్లు కొట్టారు. పిల్లలు గళ్ళు తొక్కుకుంటూ కంచాలకోసం పరిగెత్తారు. నీళ్ళ ప్రశ్న అడిగిన పిల్ల మాత్రం ఎవరూ చెప్పకుండానే కూర్చుని గింజలేరి డబ్బాలో వెయ్యటం మొదలుపెట్టింది. ‘మంచి పిల్లవమ్మా’ అనే మాట నోటిదాకా వచ్చింది. అనలేదు. తలుపు దాటబోతున్న ఇద్దరు మగపిల్లల్ని వెనక్కి కేకేసి, నేనూ కింద కూర్చున్నాను. నలుగురం ఏరితే రెండు నిమిషాలు కూడా పట్టలేదు.