మిగిలిన గాలి ఎవరిది?

స్కూబా డైవర్‌కు నీటి అడుగున రెండు గడువులు నడుస్తుంటాయి. ఒకటి వీపు మీది సిలిండర్‌లో గాలి అయిపోయే గడువు. రెండోది, ఒత్తిడికి ఒంట్లో నైట్రోజన్ కరుగుతుంటే, మధ్యలో ఆగకుండా నేరుగా పైకి రాగల సమయం ఎంతో చెప్పే నో-డికంప్రెషన్ గడువు. ఏది ముందు ముగుస్తుందో లెక్కే చెబుతుంది. 11 లీటర్ల సిలిండర్‌ను 200 బార్ వరకు నింపితే 2,200 లీటర్ల గాలి; అలవాటుగా దాచే 50 బార్ తీసేస్తే 1,650. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 12 మీటర్ల లోతులో 44, 30 మీటర్ల దగ్గర 80 లీటర్లు కావాలి. అంటే 12 మీటర్ల దగ్గర అతని గాలి 37 నిమిషాలే, డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ పట్టిక ఇచ్చే గడువేమో 147. 30 మీటర్ల దగ్గర రెండూ ఇంచుమించు 20 నిమిషాలు. 40 మీటర్లకు వెళ్తే తలకిందులు: 16 నిమిషాల గాలి ఉన్నా పట్టిక 9 నిమిషాలకే ఆపేస్తుంది. ముందు ముగిసేదే మనిషిని శాసించే గడువు అనుకుంటే చర్చ ఇక్కడే అయిపోవాలి. కానీ ముందు రావడం వేరు, పెద్దది కావడం వేరు.

జ్ఞానం ఏ ప్రమాణంతో వచ్చిందని అడిగే న్యాయదర్శనం వారి, అంటే నైయాయికుల, పద్ధతిలో అడిగితే, ఈ రెండూ మనకు తెలిసేది ఒకే ప్రమాణంతో కాదు. సిలిండర్ ఒత్తిడి చూపే గేజ్ ముల్లు ప్రత్యక్షానికి దగ్గర. (పట్టుబట్టి చూస్తే అదీ అనుమానమే, అంటే గుర్తును బట్టి తేల్చుకోవడమే, కానీ సరిచూడ్డానికి ఊపిరి ఉంది.) నైట్రోజన్ గడువు మాత్రం పొగ కూడా కనబడని నిప్పు. శరీరధర్మ శాస్త్రవేత్త హాల్డేన్ బృందం మేకలను ఒత్తిడి గదిలో ఉంచి, బయటికి తెచ్చాక ఏది కుంటుతుందో చూసి కట్టిన పట్టికలను 1908లో ప్రచురించింది. హాల్డేన్‌కు అది అనుమానం. పట్టిక నమ్ముకుని దిగే డైవర్‌కు అది శబ్దం, ఆప్తుల మాట. చేతికి కట్టుకున్న కంప్యూటర్ అంకె చూపిస్తోందిగా అనొచ్చు. అది చూపేది మన కణజాలాలను కాదు, ఒక నమూనాలోని ఊహా కణజాలాలను. అందుకే ఒకే డైవ్‌కు రెండు కంపెనీల కంప్యూటర్లు రెండు గడువులు చెప్పగలవు.

ప్రత్యక్షం కాబట్టే గాలి గొప్పదని నా వాదన కాదు. నైట్రోజన్ గడువు దాటితే పడేది అప్పు, అది తీర్చాల్సింది గాలితో. పాడీ పట్టిక నియమమే చూడండి: 5 నిమిషాలలోపు దాటితే 5 మీటర్ల దగ్గర 8 నిమిషాలు ఆగాలి, అంతకు మించి దాటితే కనీసం 15 నిమిషాలు, గాలి ఉంటేనే. ఆ 15 నిమిషాలకు మన మనిషికి 450 లీటర్లు పడుతుంది. గాలి అయిపోయిన తప్పును తీర్చడానికి మాత్రం మరో నాణెం లేదు, ఇంకొకరి సిలిండర్ తప్ప. కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టే జబ్బు, బెండ్స్, వస్తే కాళ్లు చచ్చుబడొచ్చు, దాన్ని చిన్నచూపు చూడటమా? ఈ అభ్యంతరం న్యాయమైనదే. గడువులో ఉన్నవారికీ అప్పుడప్పుడు బెండ్స్ వస్తుంది. ఆ గీత భద్రతకు గోడ కాదు, పెరుగుతూ పోయే అపాయం మీద మనుషులు ఒకచోట గీసుకున్నది. పైగా బెండ్స్ రోగికి ఆక్సిజన్, ఒత్తిడి గది ఉన్నాయి. ఊపిరి అందనివాడికి ఉన్నవి కొద్ది నిమిషాలు.

అసలు చిక్కు ఆ 50 బార్‌లో ఉంది. దాన్ని డైవర్ తన మిగులు అనుకుంటాడు. తోడు వచ్చినవాడి గాలి అడుగునే ఆగిపోయిందనుకోండి. భయంతో ఇద్దరూ రెట్టింపు పీలుస్తూ, ఒక నిమిషం సర్దుకుని, నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావాలంటే 30 మీటర్ల నుంచి సుమారు 990 లీటర్లు, అంటే 90 బార్ కావాలి. 50 బార్ సగం దారి కూడా రాకముందే అయిపోతుంది. ఎవరి జాగ్రత్త వారిదేనని, విడిగా చిన్న సిలిండర్ మోసుకెళ్లేవారు అంటారు. వాళ్లకు అది చెల్లుతుంది. ఒకే సిలిండర్‌తో జంటగా దిగేవారు మాత్రం నీటిలో కాలు పెట్టకముందే ఒకరికొకరు రుణపడి ఉన్నారు. పక్కవాడి వాటా ముందే తీసిపెట్టి లెక్క మళ్లీ వేస్తే, 30 మీటర్ల దగ్గర గాలి గడువు 20 నుంచి 15 నిమిషాలకు దిగుతుంది. పట్టికే ముందు ఆపుతుందనుకున్న 40 మీటర్ల దగ్గర, అంత లోతు నుంచి ఇద్దరూ పైకి రావడానికి దాచాల్సింది ఇంకా ఎక్కువ గనుక, మిగిలిన గాలి వచ్చేది 7 నిమిషాలు. పట్టిక ఇచ్చేది 9.