నలుగురు మోసిన పరుపు

పఠనభాగము: మార్కు 2:1–12

కపెర్నహూములో నలుగురు మనుష్యులు ఒక పక్షవాయువుగల వానిని మోసికొని వచ్చిరి. వారిలో ఒకడు తొందరపడి ముందుకు నడచినయెడల పరుపు ఒరిగి రోగి పడిపోయెడివాడు. నలుగురును అడుగు కలిపి నడువవలసి వచ్చెను.

ఇంద్రావతి ప్రవహించు బస్తరు సీమలో నేడును అట్టి మోత అవసరమై యున్నది. అచ్చటి మలేరియా కొన్నిసార్లు మెదడునకు సోకును. ప్రాణము దక్కిన పసివారిలో కొందరికి కాలుసేతులు బిగిసిపోవును. పుట్టుకకు ముందుగాని, పుట్టునప్పుడుగాని, శైశవమునగాని మెదడు దెబ్బతినుటవలన కలుగు సెరిబ్రల్ పాల్సీలోను, పక్షవాతము వచ్చిన పెద్దలలోను ఇట్టి బిగుతే కనబడును. దీనికి మూలము కండరములో లేదు. దానిని అదుపుచేయు మెదడులో నున్నది.

ఈ బిగుతునకు ఒక విశేష లక్షణము కలదు. ముడుచుకొనిన చేతిని వడిగా లాగినకొలది అది ఎదురు తిరుగును. మెల్లగా చాపిన కొంత లోబడును. బాక్లోఫెన్ మాత్రలు బిగుతును తగ్గించును. అయితే వాటిని హఠాత్తుగా మానుట అపాయకరము. బొటులినమ్ సూదిమందు ఎంచుకొనిన కండరమును సడలించును గాని, సుమారు మూడు నెలలకు దాని బలము తగ్గును. ఆ వ్యవధిలో అవయవములను ప్రతిదినము చాపి, కదలించి, కట్టుపట్టీలతో నిలుపవలెను. లేనియెడల బిడ్డ ఎదిగినకొలది కండరములు కురుచయై కీళ్లు బిగిసిపోవచ్చును.

జగదల్‌పూర్‌లో 2006లో ప్రభుత్వ వైద్య కళాశాల వెలసెను. 2020లో ఆరోగ్య కార్యకర్తలు బస్తరు గ్రామములలో ఇంటింటికి వెళ్లి మలేరియా పరీక్షలు చేయనారంభించిరి. అయినను అడవి పల్లెనుండి బిడ్డను ఎత్తుకొని వచ్చు తల్లికి ఒక దినపు కూలి పోవును. ఇంటికి మరలిన తరువాత ఆ చేతిని ప్రతిదినము చాపవలసినదియు ఆమెయే.

ప్రియులారా, కపెర్నహూము రోగివలె ప్రతి బిడ్డయు లేచి నడువడు. ఈ సత్యమును దాచవలదు. నొప్పి లేక కూర్చుండుట, తన చేతితో ముద్ద తినుట, చొక్కా తొడుగుకొనుట—చికిత్స తరచుగా కోరునది ఇదియే. అయితే సంఘము ఒకసారి ప్రార్థించి, బిడ్డ నడువకపోగా, తల్లి విశ్వాసమును శంకించుట కలదు. ఇది క్రూరము. ఆ దినమున యేసు చూచినది రోగిని మోసికొనివచ్చిన వారి విశ్వాసమును. మోయని చేతులకు తల్లి విశ్వాసమును తూచు అధికారము ఎక్కడిది?

బిగిసిన చేయి బలవంతమునకు లొంగదు. దినదినము మెల్లగా తాకు చేతికే అది విడివడును. మీ వీధిలో అట్టి బిడ్డయో, పక్షవాతముతో పడియున్న వృద్ధుడో ఉన్నయెడల, వారమునకు ఒక దినము ఆ ఇంటి పని పంచుకొనుడి. ఆసుపత్రి ప్రయాణమునకు తోడు వెళ్లుడి. పరుపునకు నాలుగు మూలలు కలవు. తల్లి ఒక మూలనే పట్టగలదు.

ప్రార్థనాంశము: బస్తరు తల్లులు, వారి బిడ్డలు, వారికి తోడ్పడు వైద్యులు.