ఆరో తమ్ముడు

సంఖ్యల రాజ్యంలో ప్రధాన సభ అని ఒకటుండేది. ఒకటితోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగించడానికి వీలుకాని వాళ్లకే అందులో ఆసనం. ఆ సభలో 3, 5, 17, 257, 65537 అనే ఐదుగురు అన్నదమ్ములకు గొప్ప పేరు. ఒకరిలోంచి ఒకటి తీసేసి, మిగిలినదాన్ని దానితోనే గుణించి, ఒకటి కలిపితే తర్వాతి తమ్ముడు పుడతాడు. అదీ వాళ్ల వంశాచారం.

ఒకనాడు ఆరో తమ్ముడు సభకు వచ్చాడు. 4294967297. అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ఆ ఆకారం చూసి సభంతా లేచి నిలబడింది.

"అన్నలు ఐదుగురూ ప్రధానులే. ఈయనకు మళ్లీ పరీక్షా?" అన్నాడు మంత్రి. "పరీక్షించాలంటే 65,536 లోపున్న ప్రధాన సంఖ్యలందరినీ పిలవాలి. వాళ్లే 6,542 మంది. ఆ భాగహారాలన్నీ అయ్యేదెప్పుడు, ఈయన ఆసనం ఎక్కేదెప్పుడు?"

వెనక వరసలోంచి 641 లేచాడు. "అందరూ అక్కర్లేదు మంత్రిగారూ. ఈయన పుట్టిన తీరును బట్టి, ఈయన్ని భాగించగల ప్రధాన సంఖ్య ఎవరైనా సరే, అందులోంచి ఒకటి తీస్తే మిగిలేది 64 గుణిజం కావాలి. అలాంటివాళ్లలో ముందు 193, 257, 449, 577 ఉన్నారు. తర్వాతి వాణ్ని నేనే. ముందు మా ఐదుగురినీ ప్రయత్నించనివ్వండి."

"నువ్వెంత, ఆయనెంత!" అని సభ నవ్వింది. ఆరో తమ్ముడు చెయ్యెత్తి వారించాడు. "ఆసనం సంగతి తర్వాత. ముందు నేనెవరినో తేలనివ్వండి. రండి నాయనా" అన్నాడు.

మొదటి నలుగురికీ శేషం మిగిలింది. 641 వంతు వచ్చింది. భాగఫలం 6700417. శేషం సున్న.

మంత్రి తలదించుకున్నాడు. ఆరో తమ్ముడు మాత్రం 641కి చేతులు జోడించాడు. "అన్నల పేరు చూసి నేనూ ప్రధానుణ్నే అనుకున్నాను. నా కారణాంకాలేమిటో ఇవాళ తెలిశాయి. నీ మేలు మరవను" అని చెప్పి, సంతోషంగా సంయుక్త సంఖ్యల వైపు వెళ్లి కూర్చున్నాడు.

కథ కల్పితమే గానీ లెక్క నిజం. ఈ వరసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640లో ఫ్రాన్సులో గొప్ప గణితవేత్త పియేర్ ద ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ ఈ ఆరో సంఖ్యను 641తో భాగించి, అంతటివాడి మాట తప్పని తేల్చాడు. ఆ ఐదుగురి తర్వాత ఈ వంశంలో మరో ప్రధాన సంఖ్య ఇప్పటిదాకా దొరకలేదు.

నీతి: ఐదుసార్లు నిజమైనంత మాత్రాన ఆరోసారీ నిజమవుతుందని తీర్మానించకూడదు. చెప్పినవాడు ఎంత గొప్పవాడైనా మాటను పరీక్షకు పెట్టాలి. పరీక్షిద్దామన్నవాడు ఎంత చిన్నవాడైనా అతనికి దారివ్వాలి.