కడుపు పోతే తప్పు ఎవరిది?

షాద్‌నగర్ చుట్టుపక్కల మా తండాల్లో కోడలికి నెల తప్పిందంటే ఆ మాట ఇంటి గడప దాటనివ్వరు. మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పొద్దంటారు. మేమూ చెప్పలేదు. పెళ్లయిన రెండో ఏడు తొమ్మిదో వారంలో కడుపు పోయింది. వచ్చిన సంగతే చెప్పలేదు కాబట్టి పోయిన సంగతీ చెప్పుకోలేకపోయాం. నాలుగో రోజున మాలో ఒకరు బడికి పోయి పిల్లల హాజరు తీసుకున్నారు, ఒకరు పత్తి చేనుకు పోయారు.

తెలిసిన నలుగురి దగ్గరా తలా ఒక కారణం ఉండింది. గుంతల రోడ్డు మీద బండెక్కిందని ఒకరన్నారు. బొప్పాయి తిన్నదని ఇంకొకరు. సీత్లా భవాని మొక్కు మరిచారని, ఎవరి కన్నో పడిందని మరికొందరు. కారణాలు వేర్వేరు, వేలు మాత్రం ఒకరి వైపే. అయితే అందరికన్నా లోతుగా గుచ్చుకున్నది బయటివాళ్ల మాట కాదు. మా ఇద్దరిలో భర్త ఒక రాత్రి మెల్లగా అడిగాడు: "ఆ రోజు నీళ్ల బిందె ఎత్తినవా?" ప్రేమతోనే అడిగాడు. ఆ ఒక్క ప్రశ్న మా ఇంట్లో ఏళ్ల తరబడి కూర్చుంది.

ఎందుకు అడుగుతాం అట్లా? మేము చాలా ఆలోచించాం. కారణం దొరికితే వచ్చేసారి తప్పించుకోవచ్చని మనసుకు ధైర్యం. బిందె ఎత్తడం వల్లే పోయిందంటే, బిందె ఎత్తకపోతే నిలుస్తుంది. ఏ కారణమూ లేదంటే మళ్లీ ఎప్పుడైనా పోవచ్చు, ఆ మాట భరించడం కష్టం. అందుకే మన భయం తగ్గించుకోవడానికి ఒక తప్పును వెతుకుతాం. ఆ ధైర్యానికి ధర మాత్రం కడుపు పోగొట్టుకున్న ఆడమనిషి కడుతుంది. ఇది న్యాయమా అన్నదే మా ప్రశ్న.

వైద్యులు చెప్పేది వినండి. నిలిచిందని తెలిసిన గర్భాల్లో నూటికి 10 నుంచి 20 దాకా పోతాయి. ఎక్కువ భాగం 12 వారాల లోపే. అట్లా తొలి నెలల్లో పోయినవాటిలో సగం దాకా క్రోమోజోముల లెక్క తప్పడం వల్లే. మనిషి కణంలో 46 ఉండాలి. తల్లి నుంచి 23, తండ్రి నుంచి 23 కలిసేటప్పుడు ఒకటి ఎక్కువో తక్కువో అయితే చాలాసార్లు ఆ పిండం ఎదగదు. అంటే బిందె ఎత్తకముందే, బండెక్కకముందే, నెల తప్పిందని తెలియకముందే ఆ సంగతి తేలిపోయి ఉంటుంది. రోజువారీ ఇంటిపని వల్ల, మామూలు ప్రయాణం వల్ల కడుపు పోదు.

అట్లాగని మనం చేసేదానికీ దీనికీ సంబంధమే లేదని చెప్పం. వయసు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. అదుపులో లేని షుగర్, థైరాయిడ్, మలేరియా, పొగాకు, కల్లూ సారా కూడా పెంచుతాయి. పత్తికి పురుగుమందు కొట్టే చోట గర్భిణి ఉండకూడదు. కానీ "ఆ చేనుకు పోకమ్మా" అన్న మాట ముందు చెబితే సాయం, పోయిన తర్వాత చెబితే రాయి విసిరినట్టే. పైగా ఆ చేనుకు ఆమె తనంతట తాను పోయిందా? కూలి లేకపోతే పొయ్యి వెలగని ఇంటి నుంచి పోయింది.

ఇక మళ్లీ పోతుందా అన్న భయం. ఒక్కసారి పోయినవాళ్లలో నూటికి 80 మందికి పైగా తర్వాతి కాన్పు నిండుగా జరుగుతుంది. రెండుసార్లు పోతే ముప్పు కొంచెం పెరిగి, నూటికి 25 దగ్గరికి వస్తుంది. మూడుసార్లు పోయినా సగానికి పైగా తల్లులవుతారు. మన పాలమూరు రైతుకు ఈ లెక్క బోరు భాషలో తెలుసు. (ఆడమనిషిని భూమితో పోల్చడం మాకు ఇష్టం లేదు, లెక్క వరకే తీసుకోండి.) ఒక బోరు ఫెయిలైతే పొలమంతా ఎండిందని కాదు. మూడు ఫెయిలైతే మాత్రం నాలుగోది వేసే ముందు పరీక్ష చేయించాలి. అట్లాగే రెండు మూడుసార్లు పోయినప్పుడు థైరాయిడ్, రక్తంలోని కొన్ని యాంటీబాడీలు, గర్భసంచి ఆకారం చూస్తారు. అవసరమైతే దంపతులిద్దరి క్రోమోజోములు చూస్తారు. ఇద్దరివీ. మగవాళ్లు ఆ సూదికి వెనక్కి పోతుంటే చూశాం.

పదో తరగతి లెక్కల్లో సంభావ్యత పాఠం ఉంది. పాచికలు, రంగు గోళీలు చెప్పి ఊరుకుంటాం. ఈ లెక్క కూడా చెప్పవచ్చు కదా, తోటి ఉపాధ్యాయులారా? కాకపోతే లెక్క భయాన్ని పూర్తిగా తీయదు. నూటికి 80 అని తెలిసే మేము రెండోసారి గడిపాం. అయినా ప్రతి ఉదయం రక్తపు మరక కోసం వెతికాం. ఆ 80 మందిలో మేము ఉంటామో లేదో ఏ లెక్కా చెప్పదు.

ఈ దుఃఖానికి చట్టంలో ఒక చోటుంది. గర్భస్రావం తర్వాత ఆరు వారాలు జీతంతో సెలవు ఇవ్వాలని చట్టం అంటుంది. కాగితం మీద పేరున్న ఉద్యోగికి అది దొరుకుతుంది. పూణే, ముంబై పనులకు మేస్త్రీ వెంట పోయిన తండా అమ్మాయికి ఆ సెలవు ఎవరిస్తారు?

ఇంకో చేదు సంగతి. 1999, 2001లో దేవరకొండ వైపు తండాల్లో ఆడపిల్లలను దత్తత పేరుతో అమ్మారన్న వార్తలు వచ్చాయి. పేదరికం గురించి రాసినవాళ్లు తక్కువ. లంబాడీ తల్లికి మమకారం లేదన్న మాట మేము టీచర్ ట్రైనింగ్‌లో ఉండగా తోటివాళ్ల నోట విన్నాం. అప్పటి నుంచి బయటివాళ్ల ముందు మా ఏడుపు కూడా దాచుకున్నాం. ఇంట్లో దాస్తాం, బయటా దాస్తాం, మరి ఆ తల్లి ఎక్కడ ఏడవాలి?

పోయిన ఏడు మా దగ్గర చదివిన అమ్మాయి ఒకతె అత్తతో కలిసి మా ఇంటికి వచ్చింది. ఒకసారి పోయింది, మళ్లీ నెల తప్పింది. "మళ్లీ పోతుందా?" అని అడిగింది. పోదని మాట ఇవ్వలేదు. పైన రాసినదంతా నెమ్మదిగా చెప్పాం, ఏఎన్ఎం దగ్గర పేరు రాయించుకొమ్మన్నాం. వాళ్ల అత్త అంతా విని, బిందె సంగతి మళ్లీ అడిగింది. బిందె వల్ల పోలేదని మళ్లీ చెప్పాం. కాసేపు ఊరుకొని, "నాకూ ఒకటి పోయింది, పెద్దోడి కన్నా ముందు" అంది. కోడలు ఆమె ముఖం వైపు చూసింది. ఆ మాట అప్పటిదాకా ఆ అమ్మాయికి తెలియదు.

పోయేటప్పుడు గడపలో ఆగి, "ఈసారి పూణేలో ఉన్న మా యాడికి ఇప్పుడే చెప్పొచ్చా?" అని అడిగింది. ఫోన్ ఆమె చేతికిచ్చి మేము లోపలికి వచ్చేశాం.